చోటెరిగి కోయు కత్తెర

మర్పల్లివంటి ఊళ్లలో నేడు ఆసుపత్రియందు పుట్టిన శిశువునకు 24 గంటలలోపలనే హెపటైటిస్ బి టీకా వేయుదురు. కాలేయమును చెరచి, కొందరికి క్యాన్సరును సైతము కలిగించు వ్యాధినుండి అది బిడ్డను కాపాడును. ఈ టీకా పుట్టుకకు తోడ్పడినది కంటికి కనబడని ఒక కత్తెర. దాని కథ వినుడు.

జీవకణములలో డి.ఎన్.ఏ. అను రెండుపేటల దారము కలదు. వంశలక్షణములు దానిపై ఎ, టి, జి, సి అను నాలుగక్షరములతో వ్రాయబడియున్నవి. ఒక పేటలో ఎ ఉన్నచోట రెండవ పేటలో టి, జి ఉన్నచోట సి ఉండును.

బాక్టీరియాలకును శత్రువులు కలరు. కొన్ని వైరసులు తమ డి.ఎన్.ఏ.ను వానిలోనికి చొప్పించి వానిని చంపును. ఆ దాడిని ఎదుర్కొనుటకై అనేక బాక్టీరియాలు రెస్ట్రిక్షన్ ఎంజైములను తయారుచేసికొనును. ఇవి పరాయి డి.ఎన్.ఏ.ను ముక్కలు చేయును. తమ దారముపై మాత్రము రసాయనపు ముద్ర వేసికొనుటచే అది తెగదు.

ఈ కత్తెర ఎచ్చటబడిన అచ్చట కోయదు. ఇ.కోలి అను బాక్టీరియానుండి లభించిన 'ఎకో ఆర్ వన్' అను ఎంజైము జి, ఎ, ఎ, టి, టి, సి అను ఆరక్షరములు వరుసగా ఉన్నచోటనే, జి, ఎ ల నడుమ కోయును. 'వికటకవి' అను పదమును ఎటునుండి చదివినను ఒకటే గదా! ఇచ్చటను ఒక పేటను ఎడమనుండియు, రెండవదానిని కుడినుండియు చదివినచో అవే అక్షరములు వచ్చును. రెండు పేటలును కొంచెము ఎడముగా తెగుటచే ఒక్కొక్క కొనయందు నాలుగక్షరములు జంటలేక మిగులును. అదే కత్తెరతో కోసిన వేరొక జీవి ముక్క ఆ కొనకు చక్కగా పొందుకొనును. లైగేజ్ అను మరియొక ఎంజైము వానిని అతుకును. ఈ కత్తెరలపై చేసిన కృషికి ఆర్బర్, నేథన్స్, స్మిత్ అను శాస్త్రజ్ఞులు 1978లో నోబెల్ బహుమానము పొందిరి.

పూర్వము హెపటైటిస్ బి టీకాను ఆ వైరసు సోకినవారి రక్తమునుండి తీసెడివారు. ఈ విద్య వచ్చిన పిమ్మట వైరసు పైపొరలోని మాంసకృత్తుకు సంబంధించిన జన్యువును మాత్రము వేరుచేసి ఈస్టు కణములలో చేర్చిరి. ఆ కణములు మాంసకృత్తును మాత్రమే తయారుచేయును. వైరసు పుట్టదు గనుక టీకావలన వ్యాధి రాదు.

అయినను విదేశములనుండి వచ్చు టీకా ధర పేదలకు అందరానిదై యుండెను. ఎలక్ట్రానిక్స్ ఇంజనీరైన వరప్రసాద రెడ్డి 1993లో తన తల్లి పేర హైదరాబాదున శాంతా బయోటెక్నిక్స్ సంస్థను స్థాపించెను. 1997లో ఆ సంస్థ ఈ విధానమున స్వదేశీ టీకాను తయారుచేసి వెలువరించెను. ధర ఎన్నో రెట్లు తగ్గెను. 2011 నాటికి హెపటైటిస్ బి టీకా దేశమంతటను శిశువులకు ప్రభుత్వము ఉచితముగా వేయించు టీకాలలో చేరెను.

బాక్టీరియా తన ప్రాణరక్షణకు దాచుకొన్న ఆయుధము మన బిడ్డల ప్రాణములకు రక్షయైనది. విద్య ఎంత సూక్ష్మమైనదైనను, పేదవాని గుమ్మము చేరిననాడే దాని ఫలము సంపూర్ణమగును.