కొక్కెర తెగులు – మన నాటుకోళ్లు

చేతిలో డబ్బు లేనప్పుడు అమ్మ ఓ కోడిని సంతకు పట్టుకెళ్తుంది. ఉప్పు, నూనె, మన బస్సు చార్జీ అందులోంచే వస్తాయి. కానీ కొక్కెర తెగులు తగిలితే వారం పది రోజుల్లో గూడు ఖాళీ. అలా జరగకుండా ఏం చెయ్యాలో తెలుసుకుందాం.

మంచి పిల్లలు కావాలంటే

పుంజు చురుగ్గా ఉండాలి. కళ్లు మెరవాలి, కాళ్లు తిన్నగా ఉండాలి. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు చాలు. ఇంట్లో పుట్టిన పుంజునే ఏళ్ల తరబడి ఉంచితే అన్నాచెల్లెళ్లే జత కట్టి పిల్లలు బలహీనమవుతాయి. అందుకని ఏడాదికోసారి వేరే ఊరి పుంజుతో మార్చుకోవాలి.

పొదగడానికి వారం లోపు పెట్టిన గుడ్లే తీసుకోవాలి. పెట్ట సైజును బట్టి 10 నుంచి 12 వరకు పెట్టొచ్చు. ఏడో రోజు రాత్రి గుడ్డు వెనక టార్చిలైటు పెట్టి చూడండి. ఎర్రటి నరాలు కనిపిస్తే పిల్ల ఉన్నట్టు. ఏమీ లేకపోతే ఆ గుడ్డు తీసెయ్యాలి. 21 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. గద్ద, ముంగిస ఎత్తుకుపోకుండా మొదటి వారాలు గంప కింద ఉంచి నూకలు, చోళ్లు, మంచినీళ్లు పెట్టాలి. చెదపురుగులు వేస్తే ఇంకా మంచిది, వాటిలో మాంసకృత్తులు ఉంటాయి.

కొక్కెర అంటే ఏమిటి?

ఇది వైరస్ వల్ల వచ్చే జబ్బు. పుస్తకాల్లో దీనికి రెండు పేర్లు ఉంటాయి. 1926లో ఇంగ్లండులోని న్యూకాజిల్ ఊళ్లో కనిపించింది కాబట్టి న్యూకాజిల్ వ్యాధి. మన దేశంలో హిమాలయాల దగ్గరి రాణిఖేత్‌లో బయటపడింది కాబట్టి రాణిఖేత్ వ్యాధి.

గుర్తులు:
1. కోడి మేత మాని, రెక్కలు వాల్చి మూలన కూర్చుంటుంది.
2. నోరు తెరిచి గురకగా ఊపిరి తీస్తుంది.
3. పచ్చగా, తెల్లగా పారుతుంది.
4. కొన్నింటికి మెడ మెలి తిరుగుతుంది, కాళ్లు పడిపోతాయి.

వచ్చాక దీనికి మందు లేదు. నాటు మందు గానీ మాత్ర గానీ వైరస్‌ను చంపదు. ముందే టీకా వెయ్యాలి.

టీకాలు

పిల్లకు 5–7 రోజుల వయసులో లసోటా, కంట్లోనో ముక్కులోనో ఒక్క చుక్క. 4–5 వారాలకు మళ్లీ లసోటా. 8 వారాలు నిండాక ఆర్‌టూబీ, రెక్క కింద చర్మంలో సూది. ఆర్‌టూబీ చాలా ఘాటు టీకా, చిన్న పిల్లలకు వెయ్యకూడదు. జబ్బుగా ఉన్న కోడికి ఏ టీకా వెయ్యకూడదు. తర్వాత ఎప్పుడెప్పుడు వెయ్యాలో పశువుల డాక్టరు గారిని అడగండి.

ఇక్కడే ఒక చిక్కుంది. ఒక్క సీసాలో వంద కోళ్లకో, అంతకంటే ఎక్కువ కోళ్లకో సరిపడా మందు ఉంటుంది. మందు కలిపాక రెండు గంటల్లోపే వాడెయ్యాలి. ఐస్ లేకుండా ఎండలో తెస్తే పాడైపోతుంది. పది కోళ్లున్న ఇంటికి సీసా తేవడం దండగ అనిపిస్తుంది, అందుకే చాలామంది తేరు. ఊరంతా కలిసి ఒకే రోజు పెట్టుకుంటే ఆ దండగ ఉండదు. తెల్లవారుజామున కోళ్లు గూట్లో ఉన్నప్పుడే వేసుకోవాలి. ఒక్క ఇల్లు వదిలేసినా తెగులు ఆ గుమ్మంలోంచే మళ్లీ వస్తుంది.

తెగులు వచ్చేస్తే

జబ్బు కోళ్లను చవగ్గా సంతలో అమ్మేస్తారు. ఆ కోడితో పాటు జబ్బూ నాలుగు ఊళ్లకు పోతుంది. కోసుకు తిని ఈకలు, పేగులు పెంట మీద వేసినా అంతే. చచ్చినవాటిని లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. సంతలో కొన్న కోడిని రెండు మూడు వారాలు విడిగా ఉంచాలి.

ఒకేసారి చాలా కోళ్లు చస్తే చేత్తో ముట్టుకోకుండా పశువుల ఆసుపత్రికి చెప్పాలి. బర్డ్ ఫ్లూ కూడా అలాగే ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో వచ్చింది అదే.

ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు మీ ఊళ్లో ఎన్ని కోళ్లున్నాయో ఇల్లిల్లూ తిరిగి రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని పెద్దలతో ఆసుపత్రికి వెళ్తే ఎన్ని సీసాలు కావాలో అక్కడే తేలుతుంది.

జవాబులు చెప్పండి:
1. ఆర్‌టూబీ ఏ వయసులో వెయ్యాలి?
2. పుంజును ఏటా ఎందుకు మార్చాలి?
3. ఊరంతా ఒకే రోజు టీకా ఎందుకు?