సముద్రం పచ్చబడే రోజుల్లో డైవర్ల చూపు

డ్రాయింగు పుస్తకంలో సముద్రం వేయమంటే మనమందరం నీలం రంగే పూశాం. విశాఖపట్నం వెళ్లి చూసినవాళ్లు మాత్రం కొన్ని నెలల్లో నీళ్లు పచ్చగా ఉంటాయని చెబుతారు. ఆ పచ్చదనం ఎక్కడి నుంచి వస్తుంది, ఆ రోజుల్లో సముద్రంలోకి దిగే స్కూబా డైవర్లకు ఎంత దూరం కనబడుతుంది అన్న విషయాన్ని మాకు అర్థమైనంత వరకు ఇక్కడ రాస్తున్నాం.

స్కూబా అంటే వీపుకు సిలిండరు కట్టుకుని, నీటి అడుగున ఊపిరి పీలుస్తూ ఈదడం. (పేపర్లలో ఆక్సిజన్ సిలిండరు అని రాస్తుంటారు. సాధారణంగా అందులో ఉండేది మనం పీల్చే మామూలు గాలే, ఒత్తిడితో కుక్కి నింపుతారు.)

ప్రవాహానికి ఎదురీదలేక నీటితో పాటు కొట్టుకుపోయే జీవులను ప్లవకాలంటారని జీవశాస్త్రంలో చదువుకున్నాం. వాటిలో పత్రహరితం ఉన్నవి వృక్షప్లవకాలు. గాజులాంటి సిలికా పెంకులున్న డయాటమ్‌లు ఈ జాతివే. ఒక్కొక్కటి కంటికి ఆనదు. పైరుకు లాగానే వీటికీ వెలుతురు, ఎరువు రెండూ కావాలి. సముద్రంలో చిక్కేమిటంటే, వెలుతురు పైన ఉంటుంది, నైట్రేట్లు, ఫాస్ఫేట్లు ఎక్కువగా అడుగు నీటిలో ఉంటాయి. ఆ ఎరువును ఎవరో ఒకరు పైకి తేవాలి.

మన తూర్పు తీరంలో ఆ పని గాలి చేస్తుంది. సుమారు మార్చి నుంచి గాలి నైరుతి దిక్కు నుంచి తీరం వెంబడి వీస్తుంది. భూమి తిరుగుతూ ఉండటం వల్ల, ఉత్తరార్ధగోళంలో గాలి తోసిన పైనీరు నేరుగా పోక కుడివైపుకు మళ్లుతుంది. మన తీరానికి కుడివైపు అంటే లోపలి సముద్రం. పైనీరు అలా జరిగిపోతే ఖాళీ నింపడానికి అడుగున ఉన్న చల్లని నీరు ఎరువుతో సహా పైకి వస్తుంది. 1950లలో అమెరికా నుంచి ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చిన యూజీన్ లాఫాండ్ అనే శాస్త్రవేత్త ఇక్కడివారితో కలిసి ఈ సంగతిని పరిశీలించారు. మన పాఠ్యపుస్తకంలో ఈయన పేరు లేదు, ఉండాల్సింది.

ఎరువు, ఎండ రెండూ అందితే డయాటమ్ రోజుకోసారి రెండుగా చీలగలదు. ఒకటి పది రోజుల్లో 1024 అవుతుంది. తినే జంతుప్లవకాలు అంత వేగంగా పెరగలేవు. అందుకే కొద్ది రోజుల్లోనే నీళ్లు పచ్చబడతాయి.

ఇక చూపు సంగతి. మంచినీటి గ్లాసులో నుంచి అవతలి మనిషి స్పష్టంగా కనబడతాడు, మజ్జిగ గ్లాసులో నుంచి కనబడడు. మజ్జిగలోని నలుసులు వెలుతురును అన్ని వైపులకూ చిమ్మేస్తాయి. దీన్నే పరిక్షేపణం అంటాం. ప్లవకాలు ఇదీ చేస్తాయి, పత్రహరితంతో నీలం, ఎరుపు వెలుతురును పీల్చుకోవడమూ చేస్తాయి. మిగిలేది ఆకుపచ్చ. నీటిలో నలుసులు రెట్టింపైతే కనబడే దూరం దాదాపు సగమవుతుంది. 30 మీటర్లు కనబడే చోట 15, తరువాత ఏడున్నర, ఆ తరువాత నాలుగు మీటర్ల లోపు. నీరు కూడా సొంతంగా కొంత వెలుతురును పీల్చుకుంటుంది కాబట్టి లెక్క ఇంత సరిగ్గా రాదు, కానీ పోకడ ఇదే. గమనించండి, మొదటి రెట్టింపులోనే 15 మీటర్లు పోయాయి. మొన్న తేటగా ఉంది కదా అని ఇవాళ ధీమాగా దిగినవాడు ఇక్కడే మోసపోతాడు.

డైవర్లు జంటగా దిగుతారు. ఒకరి గాలి అయిపోతే రెండోవారి గాలే ఆధారం. నాలుగు మీటర్లు కూడా కనబడని నీటిలో జతగాడు రెండుసార్లు కాళ్లు ఆడిస్తే మాయమైపోతాడు. అందుకని వాళ్లకొక నియమం ఉంది: నిమిషం సేపు చుట్టూ వెతకాలి, దొరకకపోతే ఇద్దరూ నెమ్మదిగా పైకి వచ్చి కలుసుకోవాలి. కంగారుపడి ఊపిరి బిగబట్టి పైకి దూసుకొస్తే ఊపిరితిత్తుల్లో గాలి వ్యాకోచించి ప్రాణానికే ముప్పు. పచ్చటి నీటిలో ఏది పైనో ఏది కిందో తెలియనప్పుడు మన నోటి నుంచి వచ్చే బుడగలు ఎటు పోతే అదే పైకి దారి. టార్చి వేస్తే బాగా కనబడుతుందనుకుంటాం కానీ పొగమంచులో లారీ హెడ్‌లైట్ల మాదిరి ఆ వెలుగు తిరిగి మన కళ్లలోనే పడుతుంది. కొన్నిసార్లు పచ్చదనం పైపొరకే పరిమితమై, దాని కింద నీరు చల్లగా, చీకటిగా, తేటగా ఉంటుంది.

డైవరుకు చెరుపు చేసే ఈ పచ్చదనమే జాలరికి మేలు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాలు చూపే పత్రహరితాన్ని, నీటి వేడిమిని బట్టే చేపలు ఎక్కడ దొరకవచ్చో మత్స్యకారులకు తెలియజేస్తుంది.

నీటి తేటదనాన్ని కొలవడానికి 1865లో ఇటలీకి చెందిన ఏంజెలో సెక్కి అనే మతగురువు, ఖగోళ శాస్త్రవేత్త, ఓడ మీద నుంచి తెల్లటి బిళ్లను సముద్రంలోకి దించి, అది కనబడకుండా పోయే లోతును చూశారు. ఇప్పటికీ దాన్ని సెక్కి బిళ్ల అంటారు. 1986లో అంటార్కిటికా దగ్గరి వెడ్డెల్ సముద్రంలో అది దాదాపు 80 మీటర్ల దాకా కనబడింది.

మేము అన్నం తినే స్టీలు పళ్లేనికి తెల్ల పెయింటు వేసి, కింద రాయి కట్టి, మూరకొక ముడి వేసిన తాడుతో మన హాస్టల్ వెనుక చెరువులో దించాం. సైన్సు మాస్టారు మెట్ల మీద మా పక్కనే నిలబడ్డారు. అది వేసవి, నీళ్లు పచ్చగా ఉన్నాయి. రెండో ముడి మునిగేసరికి పళ్లెం కనబడలేదు. అంటే ఆ చెరువులో మునిగిన పిల్లవాడు రెండు మూరల లోతులోనే ఉన్నా గట్టు మీద ఉన్నవాళ్లకు కనబడడు. మనలో చెరువులో ఈదనివాళ్లు తక్కువ కాబట్టి ఈ మాట రాస్తున్నాం.

వానలు పడ్డాక మళ్లీ దించాం. ఈసారి మొదటి ముడికే మాయమైంది. ఇది ప్లవకాల పని కాదు, కొట్టుకొచ్చిన ఎర్రమట్టి. వరద రోజుల్లో గోదావరి కలిసేచోట సముద్రం మసకబారేదీ ముఖ్యంగా ఇలాగే. తేడా తెలుసుకోవాలంటే నీళ్లను గాజు గ్లాసులో పోసి రాత్రంతా కదపకుండా ఉంచాలి. వానాకాలం నీటిలో మట్టి చాలావరకు తెల్లారేసరికి అడుగుకు చేరింది. వేసవిలో పట్టిన నీళ్లు మాత్రం తెల్లారినా పచ్చగానే ఉన్నాయి.