పట్టుపురుగుల స్టాండు మనమే కట్టుకుందాం: ఏ సామాను మంచిది, ఏది వద్దు?

జీవామృతంతో మల్బరీ పెంచుతున్నవాళ్లు చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "స్టాండ్లు రెడీమేడ్‌వి కొనాలా, మనమే కట్టుకోవచ్చా?" అని. మనమే కట్టుకోవచ్చండి. కట్టే విధానం వీడియోలో చూపించాను. ఇక్కడ అంతకు ముందు పని, అంటే సామాను ఎంచుకోవడం గురించి రాస్తున్నాను.

కర్ర కొన్నా, పైపు కొన్నా మూడు విషయాలు చూసుకోండి. బరువు మోస్తుందా? పంట పంటకీ కడిగి ఆరబెట్టుకోవచ్చా? దాంట్లో పురుగుకి విషం ఏమైనా ఉందా? ధర నాలుగోది. చాలామంది నాలుగోదాన్ని ముందు చూస్తారు. పంట పోయేది మాత్రం రెండో దగ్గర, మూడో దగ్గర.

బరువు లెక్క

ఒక్కో డి.ఎఫ్.ఎల్‌లో 400 నుంచి 500 గుడ్లు ఉంటాయి. అంటే 100 డి.ఎఫ్.ఎల్స్‌కి 40–50 వేల పురుగులు. ఐదో దశలో వీటికి నేను 600–700 చదరపు అడుగుల పడక లెక్క వేసుకుంటాను. 5 అడుగుల వెడల్పు, 35 అడుగుల పొడవుతో నాలుగు అరలు కడితే 700 చదరపు అడుగులు వస్తుంది. 5 అడుగులు మించి వెడల్పు పెట్టొద్దు. రెండు వైపుల నుంచీ మన చెయ్యి మధ్యకి అందాలి కదా.

పండే ముందు పురుగు ఒక్కోటి సుమారు 4 గ్రాములు తూగుతుంది. అరకి 10–12 వేల పురుగులంటే 40–50 కిలోలు. అది పురుగుల బరువే. కొమ్మల మేపులో పాత కొమ్మలు తీయకుండా మీద మీద వేస్తాం కాబట్టి కొమ్మలు, రెట్ట కలిసి అంతకు రెండు మూడు రెట్లు సులువుగా అవుతాయి. మొత్తం మేతలో 80 శాతానికి పైగా ఐదో దశలోనే తింటాయి. అంటే నాలుగో జ్వరం దాకా గట్టిగా నిలబడిన స్టాండు చివరి వారంలో ఒరిగే ప్రమాదం ఉంది. అందుకే నిలువు కాళ్లు 5 అడుగులకు ఒకటి, అడ్డకర్రలు 3 అడుగులకు ఒకటి వేసుకోండి. కింది అర నేల నుంచి అడుగు ఎత్తులో ఉండాలి. అరకీ అరకీ మధ్య 2 నుంచి 2.5 అడుగుల ఖాళీ ఉంటే గాలి ఆడుతుంది, మేత వేయడానికీ వీలుగా ఉంటుంది.

కడగడం, ఆరబెట్టడం

పాలరోగం, సున్నపుకట్టు, పెబ్రిన్ లాంటి జబ్బుల క్రిములు పంట అయిపోయినా షెడ్డులోనే ఉంటాయి. కర్ర పగుళ్లలో, తాడు ముడుల్లో, దుమ్ములో దాక్కుంటాయి. కొత్త పంటకి మంచి గుడ్లు తెచ్చినా అవి పాత స్టాండు నుంచే అంటుకుంటాయి. అందుకే పంట పంటకీ 100 లీటర్ల నీటికి 2 కిలోల బ్లీచింగ్ పౌడరు, 300 గ్రాముల తడిపిన సున్నం కలిపి స్టాండు మొత్తం తడిసేలా కొట్టాలి. చేతికి గ్లౌజులు, ముక్కుకి మాస్కు తప్పనిసరి.

"ప్రకృతి వ్యవసాయంలో బ్లీచింగా?" అని మీరు అడగొచ్చు. తోట వేరు, షెడ్డు వేరు. తోటలో సూక్ష్మజీవులు పెరగాలి, షెడ్డులో రోగక్రిములు చావాలి. కానీ ఆ కడిగిన నీళ్లు మల్బరీ సాళ్లలోకి గానీ, జీవామృతం తొట్టి వైపు గానీ పోకుండా చూసుకోండి. మనం పెంచుకున్న సూక్ష్మజీవుల్ని మనమే చంపుకున్నట్టవుతుంది.

ఇప్పుడు సామానుని ఈ కోణంలో చూడండి.

వెదురు: చవక, తేలిక, ఎండలో వేసుకోవచ్చు. పిండి పదార్థం ఎక్కువ ఉండటం వల్ల పుచ్చు పడుతుంది. కొట్టిన వెదురుని కొన్ని వారాలు నీళ్లలో నానబెట్టి, తర్వాత నీడలో ఆరబెడితే పుచ్చు తగ్గుతుంది. చీలిన గడలు వాడొద్దు, ఆ చీలికల్లోకి మందు సరిగ్గా వెళ్లదు.

సరుగుడు, జామాయిల్: బరువు బాగా మోస్తాయి. బెరడు పూర్తిగా చెక్కేయాలి. బెరడు కింద క్రిములూ, చీమలూ చేరతాయి.

ఇనుప యాంగ్లర్: గట్టిదే కానీ బ్లీచింగ్‌కి తుప్పు పడుతుంది. పెయింట్ వేస్తే వాసన పూర్తిగా పోయే దాకా పురుగుల్ని లోపలికి తేవొద్దు.

జి.ఐ. పైపు: ఖర్చు ఎక్కువ, పగుళ్లు ఉండవు, కడగడం తేలిక. బ్లీచింగ్ దీన్నీ మెల్లగా తింటుంది కాబట్టి మందు పనిచేశాక మంచినీళ్లతో కడిగేయాలి.

పి.వి.సి. పైపు: తుప్పు లేదు కానీ పొడవుగా వేస్తే బరువుకి వంగుతుంది. పెద్ద పురుగుల అరలకి వద్దు.

ప్లైవుడ్, చెక్కపొట్టు అట్టలు: తడి పీల్చుకుంటాయి, ఉబ్బుతాయి, కింద నుంచి గాలి రానివ్వవు. ఐదో దశలో పడక పొడిగా ఉండాలి, తేమ 70 శాతం దాటకూడదు. కాబట్టి వీటిని వదిలేయండి.

పడకకి నైలాన్ వల సరిపోతుంది. గాలి తగులుతుంది, విప్పి ఉతికి ఎండలో వేసుకోవచ్చు.

విషం సంగతి

పట్టుపురుగు కూడా పురుగే. చేలో పురుగుని చంపేది దీన్నీ చంపుతుంది. చెదల మందు కొట్టిన కర్ర, పుచ్చు రాకుండా మందులో ముంచిన వెదురు చూడ్డానికి మామూలుగానే ఉంటాయి. కొనేటప్పుడు అడగండి. పాత కర్ర తీసుకుంటే అది అంతకు ముందు ఎక్కడ వాడారో తెలుసుకోండి. పొగాకు బ్యారన్‌లో వాడిన కర్రలు ఊరికే ఇచ్చినా వద్దు. నికోటిన్‌కి పట్టుపురుగు అసలు తట్టుకోదు.

మన ప్రకృతి వ్యవసాయ రైతులు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. అగ్నిఅస్త్రంలో పొగాకు ఉంటుంది, నీమాస్త్రంలో వేప ఉంటుంది. కషాయాలే కదా అని ఆ కుండలు, స్ప్రేయరు, వడకట్టిన గుడ్డలు షెడ్డులో పెట్టొద్దు. ఆ గుడ్డతో స్టాండు తుడవొద్దు.

చీమల కోసం సుద్దముక్క గీయడం, పౌడరు చల్లడం కూడా వద్దు. స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి. అరలు గోడకి ఆనకుండా చూడండి, ఆనితే గిన్నెలు పెట్టీ లాభం లేదు.

నా షెడ్డులో వాడేది

నిలువు కాళ్లు జి.ఐ. పైపు, అడ్డం నానబెట్టిన వెదురు, మీద నైలాన్ వల. కాళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి, వాటిని అక్కడే కడుగుతాను. వెదురూ వలా విప్పి ఎండలో వేస్తాను. పుచ్చు పడిన గడ ఒక్కటే మారుస్తాను, స్టాండు మొత్తం కాదు. కొబ్బరితాడు ముడుల్లో తడి నిలుస్తుంది కాబట్టి జి.ఐ. తీగతో కడతాను. తీగ కొసలు లోపలికి మడిచేస్తాను, లేకపోతే వల చిరుగుతుంది.

మొత్తం ఖర్చు భరించలేనివాళ్లు కాళ్లకి చెక్కిన సరుగుడు వేసుకోండి. ఏడాదికి ఐదారు పంటలు తీసేవాళ్లు మాత్రం కాళ్లకైనా పైపు పెట్టుకోవడం మంచిది. పంటకీ పంటకీ మధ్య లావు కర్ర పూర్తిగా ఆరడానికి రోజులు చాలవు.

స్టాండు కట్టాక ఒక్కసారే పురుగులన్నీ ఎక్కించకండి. ఒక పాతిక పురుగుల్ని విడిగా తీసి, కొత్త అర మీద రెండు రోజులు మేపి చూడండి. తల అటూ ఇటూ ఊపుతూ, పచ్చటి రసం కక్కుతూ ఉంటే ఆ సామానులో గానీ, మేతలో గానీ మందు ఉన్నట్టు. అదే ఆకుని పాత తట్టలో ఇంకో పాతిక పురుగులకి వేయండి. అవి బాగుంటే తప్పు స్టాండుదే. ఆ కర్ర తీసేయండి. పాతిక పురుగులతో తెలిసిపోయేదానికి 50 వేల పురుగుల్ని పణంగా పెట్టడం ఎందుకు?