కూల్‌డ్రింకు సీసా విషయమై

అంబర్‌పేట్

చిన్నబాబూ,

బెంగుళూరు నుండి నీవు వ్రాసిన ఉత్తరము చేరినది. "త్రాగరాదని బైబిలులో ఎక్కడున్నది తాతయ్యా?" అని అడిగితివి గాని, అక్క రిసెప్షను నాటి రాత్రి ఫంక్షన్ హాలు వెనుక కార్ల నడుమ, నీవును నీ మిత్రులును కూల్‌డ్రింకు సీసాలో ఏమో కలుపుకొని పుచ్చుకొంటిరన్న సంగతి వ్రాయకపోతివి. ఆ మాట నా చెవిని వేసినవారు మన సంఘమువారే. నీ మీది అభిమానముతోనే చెప్పిరి.

నీ ప్రశ్నకు జవాబు ముందు చెప్పెదను. ద్రాక్షారసమును ముట్టుటయే పాపమని క్రైస్తవులందరికిని విధించిన వాక్యము లేదు. ప్రభువు నీటిని ద్రాక్షారసముగా మార్చిన కానా విందులోనిది పులియని రసమేయని మన ఉపదేశకులు కొందరు వాదింతురు. నాకా వాదము రుచింపదు. ద్రాక్ష కోయునది వేసవి చివర, ఆ విందు జరిగినది పస్కాకు కొంచెము ముందు. అన్ని నెలలు ఆ వేడి దేశములో రసము పులియక నిలుచుటెట్లు? అట్లు నిలువజేయు ఉపాయమును 1869లో గదా, అమెరికాలో వెల్చ్ అను మెథడిస్టు దంతవైద్యుడు ప్రభువు బల్ల కొరకే సాధించినది! జబ్బుపడుచుండిన తిమోతిని కొంచెము పుచ్చుకొమ్మని పౌలే వ్రాసెను. ఎఫెసీయులకు వలదన్నది మత్తు. కనుక వాదమునకు దిగినచో నీవే గెలుతువు.

అయినను ఆ పౌలే, సహోదరుడు తొట్రిల్లునేని మాంసమును ద్రాక్షారసమును మానుట మేలని రోమీయులకు వ్రాసిన పత్రిక 14వ అధ్యాయమున చెప్పెను. మనము గలిలయలో పుట్టలేదు నాయనా, కల్లు కంపౌండుల నడుమ పుట్టితిమి. 1912లో ఆంగ్లికను సంఘమున భారతీయులలో మొట్టమొదటి బిషప్పైన దోర్నకల్ అజరయ్యగారు, పల్లె క్రైస్తవుల శత్రువులను ఎంచునప్పుడు మురికి, రోగము, అప్పులతో పాటు త్రాగుడును చేర్చిరి. ఆయన యెరిగిన కూలివాని ఇంట ఈ నాలుగును ఒకే చూరు క్రింద నుండెడివి.

మా చిన్ననాట నారాయణగూడకు ఆరాధనకై నడచిపోవువారము. ఆ ప్రాంతమున సర్కారు డిస్టిలరీ ఉండెడిది. దాని గోడ దాపునకు రాగానే మా నాయన నా చేయి విడిచి, రుమాలు ముక్కునకు అడ్డుపెట్టుకొని, పరుగువంటి నడకతో సాగిపోయెడివాడు. నేను నవ్వుచు వెనుక పరుగెత్తెడివాడను. త్రాగుడు మానిన తరువాత ఎన్నేండ్లకును ఆయన ఆ గోడ ప్రక్క నెమ్మదిగా నడువలేదు. మీ ముత్తాతగారి తక్కిన సంగతి నీకు వేరుగా చెప్పనేల?

అట్టివారు నేటికిని మన సంఘములో కలరు. బల్లకొరకై మీ నాయనమ్మ శనివారము రాత్రి నల్లద్రాక్ష ఉడికించి పలుచని బట్టలో వడగట్టుచుండగా, మిగిలిన పిప్పికి చక్కెర చల్లుకొనుటకై నీవును తమ్ముడును పోట్లాడుకొనెడివారు గదా. ఆ శ్రమ యంతయు, ఒక్క గుటకతో మరల దుకాణము దారి పట్టగలవాని కొరకే.

ఇక ఆ సీసా. నీవు గ్లాసుతో నలుగురి యెదుట పుచ్చుకొని యుండినచో నేనింత వ్రాయకపోదును. తప్పు కాదని నన్ను ఒప్పింపజూచువానికి కార్ల చాటెందుకు, నల్లని పానీయపు మాటు ఎందుకు? నిన్న చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ యెదుట ఒక కుఱ్ఱవాడు కూల్‌డ్రింకు త్రాగుచుండగా, నేను వాని సీసా వైపే అనుమానముగా చూచుచు నిలిచితిని, పాపము, వాడు "తాతా, కావాల్నా?" అని నాకే అందింపబోయెను! ఎదుటివాని చేతిలో సీసా నిజమైనదో కాదో యని ముసలివారు శంకించు స్థితికి తెచ్చితివి గదా, నీవు కోరు స్వేచ్ఛ ఇదియేనా?

త్రాగుడు మాన్పించుటకు సర్కారు మాట నమ్మి కూర్చుండ వీలులేదు: 1995లో ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావుగారు తెచ్చిన సంపూర్ణ మద్యనిషేధమును 1997లో చంద్రబాబుగారు సడలించిరి. ఎవరి కట్టడి వారిదే.

నాకు చెప్పినవారు మరొక మాటయు చెప్పిరి. నీవు దించిన సీసాను తమ్ముడెత్తి రుచి చూచెనట. వాడింకను ఇంటర్ పిల్లవాడు. నేనడిగితే తల వంచుకొని "అన్నయ్య తాగాడుగా" అనెను. వానికి రోమా పత్రిక నేను చదివి వినిపింపగలను గాని, వాడు వినునది నీ మాట. ఈ ఆదివారము ఆరాధన ముగియగానే వానికి ఫోను చేయుము.

ఇట్లు,
మీ తాతయ్య