ఆల్చిప్పల తెగులు

మనుష్యులకును పైరులకును తెగుళ్లు వచ్చుట మీ రెఱుగుదురు. సముద్రమునందలి ఆల్చిప్పలకును అట్టి యాపద కలదు.

అమెరికా దేశపు తూర్పుతీరమున డెలావేర్ అఖాతము కలదు. అచట 1957లో ఆల్చిప్పలు గుంపులు గుంపులుగా చచ్చెను. 1959 నాటికి ఆ తెగులు చెసపీక్ అఖాతమునందును కాన్పించెను. ఎందఱో మత్స్యకారుల బ్రతుకుతెరువు పోయెను. శాస్త్రజ్ఞులు రోగగ్రస్తమైన ఆల్చిప్పలను సూక్ష్మదర్శినితో పరిశీలింపగా, పెక్కు కేంద్రకములుగల యొక పరాన్నజీవి కనబడెను. అది మొప్పలలో ప్రవేశించి, దేహమంతట వ్యాపించి, ఆల్చిప్పను కృశింపజేయును. మనుష్యులకు మాత్రము సోకదు.

ఉప్పుదనము తక్కువైన నీట ఈ జీవి నిలువజాలదు. కావున నదీజలము చేరుచోట ఆల్చిప్పలు బ్రతుకును. అనావృష్టివలన నదులు సన్నగిల్లినచో ఉప్పునీరు ఎగువకు ప్రాకును. దానివెంట తెగులును ప్రాకును.

ఈ జీవియే పసిఫిక్ సముద్రపు ఆల్చిప్పలయందును కలదని 2000 సంవత్సరమున జన్యుపరీక్షలవలన తెలిసినది. కావున ఒక సముద్రపు ప్రాణిని పరీక్షింపక మఱియొక సముద్రమునకు చేర్చరాదు.

డెలావేర్ అఖాతమున చావక మిగిలినవాని సంతతికి క్రమముగా ఆ తెగులును తట్టుకొను శక్తి కలిగినది. రైతు మంచి గింజలను విత్తనమునకు దాచునట్లు, తెగులు సోకినచోట మిగిలిన ఆల్చిప్పలను ఏఱివేయక విడుచుటయే వివేకము.