మల్లెపొద ఏపుగా ఉంది, మొగ్గేదీ?

ప్రశ్న: పల్లెలో మా పెంకుటింటి ముందు మల్లెపొద గుబురుగా పెరిగింది. ఉగాది దాటినా మొగ్గలు అంతంతమాత్రమే. వానల్లోపు ఇంటికి చేయించాల్సిన పనులూ చెప్పండి.

జవాబు: అమ్మా, మల్లె కొత్త చిగురు మీదే మొగ్గ తొడుగుతుంది. అందుకే జనవరిలో నీళ్లు ఆపి, ఆకు దూసి, మోకాలెత్తుకు కత్తిరిస్తారు. ఆ అదను దాటింది కనుక ఇప్పుడు ముదురు కొమ్మల కొసలు జానెడు మేర తుంచండి చాలు. యూరియా వద్దు, అది ఆకునే పెంచుతుంది. మాగిన పశువుల ఎరువు వేయండి. మొగ్గలు ఊదారంగుకు తిరిగి, గూడు కట్టి అతుక్కుంటే మొగ్గతొలిచే పురుగే. వాటిని ఏరేసి, లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి.

ఇక ఇల్లు. ఏరువాకకు ముందే పగిలిన పెంకులు మార్పించండి. వాసాలు గోడ మీద ఆనే చోట చెద చూడండి. పొద గోడను తాకుతుంటే అటువైపు కొట్టేయండి, మొహమాటపడకండి.