ఖాతా పిన్నిది, ఫోను ఎవరిది?

సుస్థిర అభివృద్ధి అంటే రాబోయే తరాల అవసరాలకు లోటు రాకుండా ఇవాళ్టి అవసరాలు తీర్చుకోవడం. 1987లో బ్రంట్‌లాండ్ కమిషన్ చెప్పిన అర్థం ఇది. 2015లో ఐక్యరాజ్య సమితి దాన్ని 17 లక్ష్యాలుగా విడదీసింది. ఐదోది స్త్రీ పురుష సమానత్వం. సమాచార సాంకేతికత ఆడవాళ్ళ సాధికారతకు ఉపయోగపడాలని ఆ లక్ష్యంలోనే ఉంది. మిగిలిన పదహారూ పక్కన పెట్టి, ఈ ఒక్క మాట మా కొడలలో ఎంతవరకు నిజమైందో చూద్దామని ఈ వ్యాసం రాస్తున్నాను.

మా గంజాం జిల్లాకి బయటి డబ్బు కొత్త కాదు. సూరత్ మరమగ్గాల పనికి ఇక్కడి మగవాళ్ళు దశాబ్దాలుగా పోతున్నారు. అప్పట్లో ఇంటికి డబ్బు పంపాలంటే టప్పావాలా చేతికి ఇచ్చేవారు. అతను కొంత కమీషను పట్టుకుని, ఊరూరా తిరిగి మిగతాది ఇంటికే తెచ్చి ఇచ్చేవాడు. అది తల్లి చేతిలోనో భార్య చేతిలోనో పడేది. ఆలస్యమైనా, ఎంత వచ్చిందో ఆమెకి తెలిసేది. 2016లో యూపీఐ మొదలయ్యాక డబ్బు క్షణంలో వస్తోంది, కమీషనూ లేదు. ఇది లాభమే, కాదనను. కానీ వచ్చేది ఎవరి ఫోనుకి?

మా పిన్ని అప్పడాలు, వడియాలు చేసి అమ్ముతుంది. బల్ల మీద క్యూఆర్ స్టిక్కరు అంటించి ఉంటుంది. కొనేవాళ్ళు కొట్టిన డబ్బు పిన్ని ఖాతాలోకి వెళ్ళదు, కొడుకు ఖాతాలోకి వెళ్తుంది. టచ్ ఫోను ఉన్నది వాడికే మరి. "పిన్నీ, రోజుకి ఎంత వస్తాదో నీకు తెలుస్తాదా?" అని అడిగాను. "ఏటి తెలుస్తాదే, ఆడు చెప్తే తెలుస్తాది" అంది. వాడు మంచివాడే, అడిగితే ఇస్తాడు. అయితే ఇదివరకు డబ్బు కోసం ఆవిడ ఎవర్నీ అడగక్కర్లేదు. కొంగున ముడేసుకునేది, అంతే.

ఇది మా ఇంటి సంగతి మాత్రమే కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 78.6 శాతం ఆడవాళ్ళకి తాము స్వయంగా వాడే బ్యాంకు ఖాతా ఉంది. తాము స్వయంగా వాడే ఫోను 54 శాతం మందికే ఉంది. ఒడిశాలో ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడిన ఆడవాళ్ళు నలుగురిలో ఒకరు. ఖాతా ఆమె పేరనే ఉంటుంది. దాని తాళంచెవి లాంటి ఫోను, ఓటీపీ మాత్రం ఇంకొకరి జేబులో ఉంటాయి.

2024 సెప్టెంబరు 17న మన రాష్ట్రంలో సుభద్ర యోజన మొదలైంది. 21 నుంచి 60 ఏళ్ళ లోపు అర్హులైన స్త్రీలకు ఏడాదికి 10,000 చొప్పున ఐదేళ్ళలో 50,000 రూపాయలు నేరుగా ఖాతాలో పడతాయి. ప్రతి పంచాయతీలోనూ, పట్టణ సంస్థ పరిధిలోనూ డిజిటల్ చెల్లింపులు ఎక్కువగా చేసిన వందమందికి మరో 500 ఇస్తారు. ఆలోచన బాగుంది. అయితే పిన్ని రోజంతా వ్యాపారం చేసినా ఆ లెక్కలోకి రాదు. ఆవిడ ఖాతా కదిలితేనా!

భాష దగ్గర ఇంకో చిక్కు ఉంది. మా తెలుగు ఇళ్ళలో పెద్దవాళ్ళు ఒడియా గడగడా మాట్లాడతారు గానీ చదవలేరు. తెలుగు కూడబలుక్కుని చదువుతారు. మెసేజి చూస్తే ఇంగ్లీషులో. "క్రెడిటెడ్" అంటే వచ్చింది, "డెబిటెడ్" అంటే పోయింది అని పిన్నికి కాగితం మీద రాసిచ్చాను. ఆవిడ చూసి, "జమా, ఖర్చూ అని చెప్పవేటే!" అంది. పాత పద్దు పుస్తకాల మాటలే ఇవి. భీమ్ యాప్‌లో తెలుగు ఉంది. మామూలు బటన్ ఫోనుతో చెల్లించే యూపీఐ 123పే కూడా 2022 మార్చిలో వచ్చింది. ఇవి ఉన్నాయని మన ఇళ్ళలో చెప్పేవాళ్ళు లేరు. మన డిపార్ట్‌మెంటు అమ్మాయిలం తలా ఒక ఇంట్లో చెప్పినా చాలా మందికి చేరుతుంది. వ్యాకరణం కన్నా సులువే ఇది.

పూర్తిగా ఫోను మీదే ఆధారపడమని మాత్రం నేను చెప్పను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటాక ఈ జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేదు. ఛార్జింగు లేని ఫోనులో ఎంత డబ్బుంటే ఏం లాభం? బియ్యం డబ్బాలో నాలుగు నోట్లు దాచే అలవాటు పాతదే అయినా, తుఫాను తీరంలో అదీ సుస్థిరతే అంటాను.

పిన్ని పేరు మీదే క్యూఆర్ తీసుకుందామని ఈమధ్య బయల్దేరాం. ఆధార్‌లో ఇంటిపేరు మన పద్ధతిలో ముందుంది, పాసుబుక్కులో ఒడియా వాళ్ళ పద్ధతిలో వెనక ఉంది. రెండూ ఒకలా ఉంటేనే కేవైసీ అవుతుందన్నారు. ముందు పాసుబుక్కులో పేరు సరిచేయించాలి. మీ ఇళ్ళలో అమ్మ, మామ్మల కాగితాలు కూడా ఒకసారి తీసి చూడండి.